మడి ఆపరేషన్

మహబూబాబాద్
12 జులై 1984

జనగామ మార్కెట్ వీధి మహారాణి, మా ఇంటి జీతం లేని వంటమనిషి, రాజమణి వదినకు,

నీ ఒక్కగానొక్క ఆడబిడ్డ శశికళ దీవెనలు. చిన్నదాన్ని, దండం పెట్టాలని తెలుసు. ఈసారి వచ్చినప్పుడు నువ్వు పచ్చిపులుసు పోస్తే పెడతాను.

అమ్మ బజారంతా "మా బిడ్డ మానుకోటల డాక్టరమ్మ" అని చెప్పుకుంటోందట. ఆ మాట నమ్మి ఎవరైనా దగ్గుమందుకు ఈ మహబూబాబాద్ దాకా వస్తే నా పరువు పోతుంది. ఇంకోసారి చెబుతాను, నువ్వైనా సరిగ్గా విను. గర్భసంచి లోపల ఒక పొర ఉంటుంది. నెలనెలా ఊడిపోయి మళ్ళీ మొలిచేది అదే. మనల్ని మూడు రోజులు గడప బయట కూర్చోబెట్టే మహాతల్లి అదే. ఆ పొరలో ముఖ్యంగా రెండు రకాల కణాలు. గొట్టాల్లా చుట్టుకుని ఉండేవి గ్రంథుల కణాలు. వాటి చుట్టూ పరుచుకుని వాటిని నిలబెట్టేవి రెండో రకం. ఈ రెంటినీ విడదీసి, ఒకదాంట్లో ఒకటి కలవకుండా శుద్ధి చేసి, వేరువేరు సీసాల్లో బతికించాలి. నా పీహెచ్‌డీ అంతే.

ఎట్లా అంటావా? పొరను బ్లేడుతో సన్నగా తరిగి, కణాలను అతికించి ఉంచే జిగురును కరిగించే మందునీళ్ళలో వేసి, గోరువెచ్చగా ఉంచి ఊపుతాను. తరువాత సన్న జల్లెడలో పోస్తాను. గొట్టాలు ముద్దలుగా పైన ఆగుతాయి, విడి కణాలు కిందికి జారతాయి. మా గైడు గుంటూరు వైపు మనిషి. నేను "జల్లెడ పట్టుడు" అంటే చాలు, సినిమాలో హాస్యగాడిని చూసినట్టు పొట్ట పట్టుకుంటాడు. అదే ముక్క ఇంగ్లీషులో అంటే తలాడిస్తాడు.

వరంగల్ పెద్ద దవాఖానలో నాకు దొరికేవన్నీ గడ్డలు పట్టినవీ, చీము పట్టినవీ. అందుకే గైడు గారు నన్ను ఈ ఊళ్ళో ఒక ప్రైవేటు నర్సింగ్‌హోంకు తోలాడు. వెనక గదిలో జనరేటర్ పక్కన నా జల్లెడ, నా మైక్రోస్కోపు. ఇక్కడి డాక్టరమ్మ చెయ్యి ఆగదు వదినా! తీసిన ప్రతి సంచీ నిగనిగలాడుతూ ఉంటుంది. రిపోర్టు ఎప్పుడూ ఒక్కటే మాట, నార్మల్. నా అదృష్టం చూసి వరంగల్‌లో తోటివాళ్ళు కుళ్ళుకుంటున్నారు. శుద్ధి చేసిన కణాలను ఐస్ డబ్బాలో పెట్టుకుని పాసింజరెక్కి వరంగల్ లాబుకు చేరుస్తాను. డబ్బాలో ఏమిటని అడిగినవాళ్ళకు కుల్ఫీ అని చెబుతాను.

ఇంకొక సంగతి అమ్మకు చెప్పకు. ఆ కణాలు బతకాలంటే లేగదూడ నెత్తుటి తేట పొయ్యాలి. ఉల్లిగడ్డ కూడా గడప దాటి రాని కోమటింటి పిల్ల ఇక్కడ చేస్తున్న పని ఇది.

నీ ఆడబిడ్డ,
శశి


జనగామ
5 ఆగస్టు 1984

చి. (సౌ. ఎప్పుడో ఆ దేవుడికే తెలియాలి) శశికళకు వదిన రాజమణి రాయునది,

నేను బయట ఉన్నాను. బయట అంటే కాశీ కాదు, గోదాము పక్కన మిరపబస్తాల గది. చాప, చెంబు, తుమ్ములు. నీ ఉత్తరం ఇక్కడే మూడుసార్లు చదివాను. కోడలిని మూడు రోజులు గడప దాటనివ్వని ఇంట్లోంచి వెళ్ళి, ఊళ్ళో వాళ్ళందరి ముట్టునూ జల్లెడ పడుతున్నావన్నమాట! అత్తమ్మకు ఈ సంగతి అర్థమైన రోజు నువ్వు ఇంటికి వస్తే గోదారి తెచ్చి పోసినా నీ మైల పోదు.

ఇంట్లో ఎప్పటి పరేషానే. మీ అమ్మకు మోకాళ్ళు లేవనివ్వవు. హోటలు తిండి ఆమెకు పడదు, మడి. నిన్న మీ అన్న వండాడు. పురుషోత్తం గారి చేతి అన్నం అటు అన్నమూ కాదు, ఇటు జావా కాదు. అత్తమ్మ ఒక ముద్ద తిని, "గీ మూడు రోజులు నన్ను చంపుతున్నయి" అంది. బయట కూర్చున్నది నేను, చచ్చేది ఆమె.

వీధిలో కొత్త ఫ్యాషన్ వచ్చింది. ఎదురింటి విజయలక్ష్మి తెలుసు గదా, నూనె దుకాణం వాళ్ళ కోడలు, నాకంటే ఏడాది చిన్న. పోయిన నెల మానుకోట వెళ్ళి సంచి తీయించుకొచ్చింది. ఏ రోగమూ లేదు. వాళ్ళ అత్త బుచ్చమ్మ వీధంతా మిఠాయి పంచింది. "ఇగ మా ఇంట్ల నెలంత మడే. దేవునికి నైవేద్యం తప్పది" అని ఒకటే మురిపెం. దీనికి మావాళ్ళు పెట్టిన పేరు మడి ఆపరేషన్. వెనక వీధిలో ఇద్దరు చేయించుకున్నారు, మిల్లు వాళ్ళింట్లో తోడికోడళ్ళు ఇద్దరూ ఒకేసారి పడుకున్నారు. పేరంటాలలో వడ్డాణం సంగతి వెనకబడింది, ఇప్పుడు ఎవరి కుట్టు సన్నగా ఉందన్నదే మాట.

నువ్వు మురిసిపోతున్న ఆ నిగనిగలన్నీ మా వీధివే తల్లీ.

అత్తమ్మ ఇప్పుడు నన్ను చూసే చూపు మారింది. "పిల్లలు పుట్టకుంట ఆపరేషనయితే ఎప్పుడో అయిపాయె. ఇగ ఆ సంచి ఎందుకు, ఉత్తగ? మన శశి గూడ ఆడనే ఉన్నది" అంటోంది. ఖాళీ బస్తా అయితే మీ అన్న తిరగేసి ఇంకోసారి వాడుకుంటాడు. నాది అంతకన్నా హీనమైపోయింది.

వదిన,
రాజమణి


మహబూబాబాద్
11 ఆగస్టు 1984

వదినా వదినా,

నీ పెళ్ళిలో ఆడబిడ్డ కట్నం కింద మీ బాపు నాకు ఒక చీర పెట్టాడు, గుర్తుందా? మొదటి ఉతుకుకే మూరెడు కురచైంది. ఆ లోటు ఇప్పుడు పూడ్చు. నీ సంచి నాకివ్వు!

నవ్వకు. సగం వేళాకోళమే, మిగతా సగం నిజం. నెల రెండో సగంలో పొర ఎలా ఉంటుందో నాకు సరిగ్గా తెలిసిన ముక్క ఒక్కటీ దొరకలేదు. ఇక్కడికి వచ్చేవాళ్ళను తేదీ అడిగితే కొంగు నోట్లో కుక్కుకుంటారు. మన ఇంట్లో నీ తేదీ పంచాంగం కంటే గట్టిగా అందరికీ తెలుసు. మా అన్న ఊరికెళ్ళే పనులన్నీ దాన్ని బట్టే పెట్టుకుంటాడు, హోటల్లో తినొచ్చని. నీలాంటి ఆరోగ్యం గల మనిషి, తేదీ తప్పని మనిషి నా థీసిస్‌కు ఒక్కరు చాలు.

విజయలక్ష్మి అక్కది నా చేతికే వచ్చింది. ఇన్నాళ్ళలో నేను చూసినవాటిలో అంత మంచి పొర లేదు. జల్లెడ మీద గ్రంథులు చెక్కుచెదరకుండా నిలిచాయి. కింద కణాలు వరంగల్ సీసాలో అడుగుకు పట్టుకుని పెరుగుతున్నాయి. గైడు గారు మొదటిసారి నన్ను "అమ్మాయ్" అనకుండా "శశికళ గారూ" అన్నాడు.

భయపడాల్సిందేమీ లేదు. డాక్టరమ్మ చెయ్యి మంచిది. వారం రోజులు నా గదిలో పడుకో, నేను వండిపెడతాను. జన్మలో ఒక్కసారి ఆడబిడ్డ చేతి వంట తిన్నానని చెప్పుకుంటావు. ఆ తరువాత నీకు మిరపబస్తాల గదీ లేదు, తుమ్ములూ లేవు.

కట్నం కోసం ఎదురుచూసే,
శశి


జనగామ
2 సెప్టెంబర్ 1984

కట్నపిశాచికి,

ఖాయమైంది, సంబరపడు. దసరా వెళ్ళిన రెండో వారం. అత్తమ్మకు కార్తీకమాసం నెలంతా మడివంట నడవాలి, నీకు నెల రెండో సగం కావాలి. అత్తాఆడబిడ్డల ముహూర్తం ఇంత బాగా కుదిరిన కోడలు ఈ లోకంలో ఇంకొకతె ఉండదు. మీ అన్నను "ఏమంటవు?" అని అడిగితే, "అమ్మ, శశి చెప్పినంక నేనేమంట?" అన్నాడు. పెసర్ల ధర తగ్గినప్పుడు ఆ మనిషి దీనికంటే ఎక్కువ ఆలోచిస్తాడు.

మిరపబస్తాల మధ్య నుంచి ఇంకొక వార్త. ఎదురింటి విజయలక్ష్మికి ఎండాకాలం పోలేదు. నిన్న సాయంత్రం జల్లు పడి అందరం కొంగు కప్పుకుంటే, ఆమె అరుగు మీద కూర్చుని చాటతో విసురుకుంటోంది. మొహం కందిపోయి, మెడ నిండా చెమట. రెండు నిమిషాలు అయినంక మళ్ళీ చలి అంటుంది. నిద్ర లేదట. మోకాళ్ళు పట్టేస్తున్నాయట. "ఒంట్ల కుంపటి పెట్టినట్టున్నదక్కా" అంది వీధి అవతలి నుంచి. వాళ్ళ అత్త బుచ్చమ్మ ఊరుకుంటుందా? "సంచితోని పాటు సిగ్గు గూడ తీసేసిండ్రా ఏంది, గట్ల కొంగు జారేసుకొని కూసుంటది" అని వీధికి వినపడేలా అంటోంది. ముప్పై రెండేళ్ళ మనిషి పక్కన కూర్చుంటే మీ అమ్మే పడుచుగా కనిపిస్తోంది.

ఇది కూడా ఆపరేషన్లో భాగమేనా? అయితే నాకు పెద్ద చాట ఒకటి చెప్పి చేయించాలి.

రాజమణి


మహబూబాబాద్
8 సెప్టెంబర్ 1984

వదినకు,

నీ ఉత్తరం అందింది. విజయలక్ష్మి అక్కను వీలైతే ఒకమాట అడుగు, ఏమేం తీస్తున్నారని ఆపరేషన్‌కు ముందు ఆమెకు చెప్పారా అని. ఊరికే అడుగుతున్నాను. కొందరికి కొన్నాళ్ళు అలా ఉంటుంది. నువ్వు మనసులో పెట్టుకోకు.

తేదీ అనుకున్నట్టే ఉండనీ. ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. పిల్లలను అడిగానని చెప్పు.

శశికళ


జనగామ
30 సెప్టెంబర్ 1984

శశీ,

నీకు జ్వరమా? పెళ్ళిచూపులకు వచ్చినవాడిని "మీ ఊళ్ళ కుక్కలెన్ని?" అని అడిగిన పిల్లవు, నాకు వానల గురించి రాస్తావా? నీ పదహారేళ్ళప్పటి నుంచి నిన్ను ఎరుగుదును. నువ్వు వేళాకోళం లేకుండా రాసిన మొదటి ఉత్తరం ఇది. చదివి నాకు భయమేసింది.

విజయలక్ష్మిని అడిగాను. "సంచి తీస్తమన్నరు. ఇంకేం చెప్పలె" అంది. నువ్వు ఎందుకు అడిగావో చెప్పు. నాకు అర్థం కాదనుకోకు. నువ్వు గ్రంథులు, కణాలు అని రాస్తే అర్థం చేసుకున్నదాన్ని, ఇదీ అర్థం చేసుకుంటాను.

బయట బతుకమ్మ ఆడుతున్నారు. చప్పట్లు వినపడుతున్నాయి. నేను ఈసారి బస్తాల గదిలోనే. అందరూ అయ్యో అంటున్నారు. వాళ్ళకు చెప్పలేదు గానీ నీకు ఒక సంగతి చెబుతాను. ఈ గదిని తిడుతూ నీకు రాస్తాను గదా, అదంతా ఉత్తిదే. నాకు నెలలో సెలవు ఈ మూడు రోజులే. పొయ్యి లేదు, "రాజమణీ" అన్న పిలుపు లేదు, మీ అన్నకు నీళ్ళ చెంబు లేదు. లైబ్రరీ నుంచి పిల్లలతో తెప్పించుకున్న నవల ఒకటి చదువుతాను. కాళ్ళు చాపుకుని పడుకుంటాను. నా ఉత్తరాల మీద తేదీలు చూడు, నీకు రాసినవన్నీ ఈ గదిలోంచి రాసినవే. మిగతా రోజుల్లో పెన్ను పట్టే తీరిక నాకెక్కడిది?

అత్తమ్మ సంచి తీయించేది మడి కోసమని అందరూ అనుకుంటున్నారు. ఆమెకు కావాల్సింది నా మూడు రోజులు. మొన్న మొదటిసారి అనిపించింది, నా సెలవు నేనెందుకు ఇవ్వాలి అని. నాకు ఇది వద్దు శశీ. కానీ ఒంట్లో ఏం పోతుందో తెలియకుండా, "సెలవు పోతుంది" అని నేను ఏ నోటితో చెప్పను? కొడతారు.

ఇంకా రెండు వారాలే ఉంది. దాచకుండా రాయి.

రాజమణి


మహబూబాబాద్
1 అక్టోబర్ 1984

వదినా,

నీ ఉత్తరం తెచ్చిన బయ్యారం లారీ కట్టయ్య మన దుకాణానికి సరుకుతో తిరిగి వస్తున్నాడు, పోస్టులో వేస్తే ఆలస్యమవుతుందని అతని చేతికే ఇస్తున్నాను. అంటించడానికి జిగురు కూడా లేదు, మడిచి ఇస్తున్నాను.

ఆపరేషన్‌కు రాకు. ఎవరు చెప్పినా రాకు.

సంచికి అటూ ఇటూ రెండు చిన్న కాయలుంటాయి, అండాశయాలు. ఒంటికి వయసును నిలబెట్టే రసం ఊరేది వాటిలోనే. డాక్టరమ్మ సంచితో పాటు వాటిని కూడా తీసేస్తోంది. విజయలక్ష్మి అక్కకు ఒంట్లో కుంపటి అందుకే. ముప్పై రెండేళ్ళకే ఆమెను ముసలిదాన్ని చేశారు. ముందు ముందు ఎముకలు కూడా గుల్లబారతాయి. తీసినవాటిని తిరిగి పెట్టలేరు.

నేను అడిగితే డాక్టరమ్మ, "సంచి పోయినంక అవెందుకు? రేపు గడ్డలయితే?" అంది. వాళ్ళకు చెప్పారా అన్నాను. ఆమె నవ్వింది. "ఇన్నొద్దుల సంది ముక్కలు పట్టుకపోతున్నవు గద, నువ్వెన్నడన్న అడిగినవా, మంచిదాన్ని ఎందుకు తీస్తున్నరని?" అంది. అడగలేదు. నార్మల్, నార్మల్ అని ఎగిరి గంతులేసింది నేనే. మంచి సంచిని కోసి తీస్తేనే గదా నాకు మంచి పొర దొరికేది.

విజయలక్ష్మి అక్క చెమటల సంగతి రాసిన నీ ఉత్తరం చదివిన రోజే నాకు ఈ సంగతి తట్టింది. తట్టి కూడా వానల గురించి రాశాను. నీ పొర మీద నాకు అంత ఆశ. నాకు సిగ్గుగా ఉంది వదినా, నీ మొహం చూడలేను.

నా డబ్బాలు సర్దుకున్నాను. రేపు వరంగల్ వెళ్ళిపోతున్నాను.

శశి


భూపాలపల్లి
17 అక్టోబర్ 1984

శశికళకు,

పైన ఊరి పేరు చూసి కంగారు పడకు. పుట్టింటికి వచ్చాను. ఇది నేను లోపల ఉండగా నీకు రాస్తున్న మొదటి ఉత్తరం.

నీ కట్టయ్య మంచివాడు. ఉత్తరం తెచ్చి నేరుగా దుకాణంలో మీ అన్న చేతిలో పెట్టాడు. నేను ఇంకా బయటే ఉన్నాను. నేను ముట్టుకున్న కాగితం మళ్ళీ ఇంట్లోకి రాకూడదు గదా, అందుకని అత్తమ్మ, "నువ్వే చదువురా, ఆపరేషన్ తారీఖు రాసిందేమో" అంది. మీ అన్న అరుగు మీద నిలబడి పెద్దగొంతుతో మొదలుపెట్టాడు. వాకిట్లో నేను. నెయ్యి అడగడానికి వచ్చిన విజయలక్ష్మి. వీధి అవతల బుచ్చమ్మ, చెవులు మాత్రం ఇవతల.

"రెండు చిన్న కాయలు" దగ్గర మీ అన్న గొంతు తగ్గింది. అత్తమ్మ, "ఆగినవేంది? చదువు" అంది. చదివాడు. చివరిదాకా చదివాడు, నీ సిగ్గుతో సహా.

విజయలక్ష్మి చేతిలో గిన్నె అలాగే ఉంది. "అవి గూడ తీసిండ్రా? నాకు చెప్పలె" అంది. రెండుసార్లు అదే మాట. అరవలేదు, ఏడవలేదు. చెమటలు కారుతున్నాయి, తుడుచుకోలేదు. ఆమెను చూసి నాకు దుఃఖం ఆగలేదు.

అత్తమ్మ, "అయితె ఏంది? ముసలోళ్ళం మేం బతుకుత లేమా? నెలంత ఇంట్ల వంటయితే సాలు" అంది. తన కోడలిని గురించి కాదు, వాతావరణం గురించి అన్నట్టు అంది.

శశీ, నేను లేచాను. స్నానం లేకుండా, నాలుగో రోజు రాకుండా, గడప దాటి ఇంట్లోకి నడిచాను. అత్తమ్మ "మైల! మైల!" అని కేకలు. నీళ్ళ బిందెలు ముట్టుకున్నాను. ఆవకాయ జాడీ, బియ్యం డబ్బా, పొయ్యి, ఆమె మడిచీర ఆరేసిన దండెం, అన్నీ ముట్టుకున్నాను. దేవుడిని మాత్రం ముట్టుకోలేదు, ఆయన నన్ను ఏమీ అనలేదు గదా. తిరిగొచ్చి మీ అన్న చేతిలోంచి నా ఉత్తరం తీసుకున్నాను. "అత్తమ్మా, ఇగ ఇల్లంత బయటున్నట్టే. ఎవ్వలు వండుతరో చూస్కోండ్రి" అన్నాను. పిల్లలకు దసరా సెలవులు. వాళ్ళను తీసుకుని పరకాల మీదుగా బస్సెక్కి వచ్చేశాను. మా బాపు "ఏమాయె బిడ్డా?" అంటే "సెలవు పెట్టిన బాపు" అన్నాను.

మీ అన్న రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి, "అమ్మ పరేషాన్ల ఉన్నది, రా" అన్నాడు. "మూడు రోజులు వండకుంటే సంచి తీస్తమన్నరు. నెల వండకుంట ఉంట, ఇగ ఏం తీస్తరో తియ్యండ్రి" అన్నాను. తిరిగి వెళ్ళిపోయాడు. నిన్న మళ్ళీ వచ్చాడు. చేతి మీద బొబ్బ. "పప్పు వండుడు వచ్చింది నాకు" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయన పడిన సిగ్గు చూడాల్సింది. "ఆపరేషన్ ముచ్చట ఇంట్ల ఎవ్వలెత్తినా నేనూకోను. అమ్మ ముంగటనే చెప్పిన" అని కూడా అన్నాడు. సరే, అన్నం కూడా నేర్చుకో, వస్తానన్నాను.

ఇక నీ సంగతి. నువ్వు మూడు వారాలు నోరు మూసుకున్నావు. నేను అడగకపోతే నా కాయలు కూడా నీ డాక్టరమ్మ బకెట్లో ఉండేవి, నువ్వు పక్కన జల్లెడ పట్టుకుని నిలబడేదానివి. దాన్ని నేను మరిచిపోతానని అనుకోకు. తిట్టగలుగుతున్నాను గాబట్టి నీ మీద ప్రేమ చావలేదని మాత్రం అనుకో.

విజయలక్ష్మి అడగమంది. "మీ ఆడబిడ్డ జల్లెడ పట్టింది గద, నాదాంట్ల ఏం దొరికింది?" అని. నేనేం చెప్పను?

రాజమణి


వరంగల్
14 నవంబర్ 1984

వదినా,

నువ్వు తిట్టినవి తిట్టినట్టే దాచుకున్నాను.

గైడు గారు నా మీద మండిపడుతున్నాడు. "బంగారు గని వదులుకుని వచ్చావు కదమ్మాయ్" అన్నాడు, మళ్ళీ అమ్మాయినయ్యాను. ఇకనుంచి రోగమున్న సంచుల నుంచి, వాళ్ళు సరేనంటేనే తీసుకుంటానన్నాను. అయితే ఇంకో రెండేళ్ళు పడుతుందన్నాడు. పడనీ. ఈ లోపల పెళ్ళి సంబంధాలు చూడమని అమ్మకు ఎవరూ గుర్తు చేయకుండా చూడు.

విజయలక్ష్మి అక్క ప్రశ్నకు నువ్వేం చెప్పనక్కర లేకపోయింది. నిన్న ఆమే వచ్చింది, ఒక్కతే. అత్తకు భద్రకాళి దర్శనమని చెప్పిందట. లాబు గుమ్మంలో చెప్పులు విప్పి నిలబడింది. "నాది చూపెట్టు" అంది.

ఆమె గ్రంథుల కణాలు ఎప్పుడో పోయాయి, అవి సీసాలో ఎక్కువ నాళ్ళు బతకవు. రెండో రకం మాత్రం ఉన్నాయి. సీసా నిండినప్పుడల్లా విడదీసి ఇంకో సీసాలోకి మారుస్తూ వచ్చాను. మా లాబులో వాటంత చక్కగా పెరిగేవి ఇంకేవీ లేవు. సీసా తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టాను. ఆమె వంగి చాలాసేపు చూసింది. ఒంట్లో వేడి కమ్మితే చెమట అద్దం మీద పడుతోందని లేచి, మెడ తుడుచుకుని, మళ్ళీ వంగింది.

"ఇవి బతికున్నయా?"

"బతికే ఉన్నయి అక్కా."

"ఏమన్న రోగముండెనా దానికి?"

"లేదు. ఎన్నడు లేదు."

ఆమె తలెత్తలేదు. నేను క్షమించమని అడిగాను. "నువ్వు కోసినవా? నువ్వు ఏరుకున్నవు" అంది. అది తిట్టో ఓదార్పో నాకు ఇప్పటికీ తెలియలేదు. ఆ మాటకు నేను ఏడ్చాను, ఆమె ఏడవలేదు.

వెళ్ళేముందు కొంగు సరిచేసుకుని ఇంకొకటి అడిగింది. "ఇంట్ల ఒక్క దినం ఆరాం లేదు శశీ. పండుగ లేదు, జరమొచ్చిన నాడు లేదు. మా అత్త నెలంత మడి అంటది. ఇదివరకు మూడొద్దులన్న పండుకుంటుంటి." సీసా వైపు చూపించింది. "నాది గీడ బతికే ఉన్నది గద. అయితే నాకు ముట్టు ఉన్నట్టేనా, లేనట్టా?"

ఇన్నేళ్ళు చదివిన చదువంతా నాతో "లేనట్టే" అని చెప్పమంటోంది. ఆ సీసాలోది నెలసరి అయ్యేది కాదు, ఆమె ఒంటితో దానికి ఇక ఏ సంబంధమూ లేదు.

"ఉన్నట్టే అక్కా" అన్నాను.

శశి


జనగామ
25 నవంబర్ 1984

అబద్ధాల డాక్టరమ్మకు,

వచ్చి వారమైంది. మీ అన్న అన్నం ఇప్పుడు అన్నంలాగే ఉంది, అడుగు మాత్రం మాడుతుంది.

ఈ రోజు పొద్దున్నే విజయలక్ష్మి చాప తీసుకుని వాళ్ళ అరుగు చివర కూర్చుంది. "నేను బయటున్న" అని వీధికంతా చెప్పింది. బుచ్చమ్మ వక్క నములుతున్నదల్లా ఆపింది. "సంచి లేనిదానికి ముట్టేందే?" అంది. "సంచిల పొర వరంగల్‌ల బతికే ఉన్నది. పోయి చూసొచ్చిన. వెంకటనర్సమ్మత్త బిడ్డ శశి చెప్పింది, ఉన్నట్టే అని. నన్ను ముట్టుకోకు అత్తా, నీకు మైల" అంది విజయలక్ష్మి.

బుచ్చమ్మ పరుగెత్తుకుంటూ మీ అమ్మ దగ్గరికి వచ్చింది. "ఇదెక్కడి కథ నర్సమ్మా? నీ బిడ్డ గిట్ల చెప్పుడేంది?" అని మొత్తుకుంది. నేను బస్తాల గదిలోంచి వింటున్నాను. మీ అమ్మకు నా మీద ఉన్న కోపం అంతా ఇంతా కాదు, ఇప్పుడు నీ మీద కూడా పోతుందనుకున్నాను.

మీ అమ్మ ఏమనాలి? బిడ్డ చదువు తప్పు అనాలా, మడి తప్పు అనాలా? ఆమెకు ఈ లోకంలో ఉన్నవి ఆ రెండే. చివరికి ఈ మాట అంది.

"శాస్త్రం చదివిన పిల్ల చెప్పినంక మనమెవ్వలం బుచ్చమ్మా? ఏదన్న అయితే పాపం ఎవ్వలకు? మూడొద్దులు కూసోనియ్యి."

ఇప్పుడు మధ్యాహ్నం అవుతోంది. అత్తలిద్దరూ, ఒకామె మోకాళ్ళు పట్టుకుని, ఒకామె నడుం పట్టుకుని, రెండిళ్ళకూ కలిపి ఒకే పొయ్యి మీద వంట చేస్తున్నారు. మీ అన్న పప్పు కడుగుతున్నాడు. ఎదురు అరుగు మీద విజయలక్ష్మి చెమట తుడుచుకుంటూ నా నవల మొదటి సగం చదువుతోంది. రెండో సగం చింపి నేను చదువుతున్నాను.

రాజమణి